ఎర్రవాగు బడిలో నాలుగో పాఠం

ఎర్రవాగు ఒడ్డున, వెదురుపొదల మధ్య దుప్పిపిల్లల బడి ఉండేది. బడంటే గోడలూ కప్పూ ఏమీ లేవు. ఎండ పడని కాస్త చదును, దాని పక్కన ఒక మద్దిచెట్టు, ఆ చెట్టు మీద కాపలాకు కొండముచ్చు వీరన్న. పాఠం చెప్పేది చుక్కమ్మ అనే ముసలి దుప్పి.

ఆ బడిలో నేర్పేది ఒక్కటే. చిరుత కనబడగానే వీరన్న 'ఖక్' అని అరుస్తాడు. ఆ అరుపుకి చుక్కమ్మ తోక పైకెత్తి పరుగందుకుంటుంది. దుప్పి తోక అడుగున తెల్లగా ఉంటుంది కదా, ఆ తెలుపు చూసుకుంటూ వెనకున్న పిల్ల, ఆ పిల్ల తోక చూసుకుంటూ దాని వెనక పిల్ల, తాడు లాగినట్టు అందరూ వాగు దాటి గుట్టెక్కేస్తారు. రోజూ అదే. పిల్లలు విసుక్కునేవారు.

"విసుగు పుట్టాలమ్మా. విసుగు పుట్టేదాకా చేస్తేనే కాళ్ళకి వస్తుంది" అనేది చుక్కమ్మ.

ఆమెకు మతిమరుపు మొదలైంది. పొద్దున ఏ పొద దగ్గర మేసిందో సాయంత్రానికి గుర్తుండేది కాదు. ఎదురొచ్చినవాళ్ళ పేర్లు నోటిదాకా వచ్చి జారిపోయేవి. ఎవరికీ చెప్పుకోలేక లోలోపల బెంగపడేది. పాఠం మాత్రం తలలో కాదు, కాళ్ళలో ఉంది, అదెక్కడికీ పోదని ధైర్యం చెప్పుకునేది. కూతురి బిడ్డ పొగడ అప్పుడే బడిలో చేరింది. ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది, చిరుత తిరిగే లోతు మడుగుకే నీళ్ళకు వెళ్ళాలి. ఆలోగా మనవరాలికి పాఠం ఒంటబట్టాలని ఆమె ఆరాటం.

ఆ అడవికి జంతువులన్నీ కూడి ఒక పెద్దను ఎన్నుకునేవి, నచ్చకపోతే మార్చేవి. ఎందరు మారినా పెద్ద చెవిలో మాట చెప్పే నక్క మాత్రం మారలేదు. ఏనుగు పెద్ద అయినప్పుడు నక్క బడికొచ్చి, ఇకమీద పారిపోవడం లేదని, పిల్లల్ని మధ్యలో పెట్టి పెద్దవాళ్ళు చుట్టూ నిలబడాలని చెప్పింది. అందులోనూ మంచి ఉందనిపించి చుక్కమ్మ అలాగే నేర్పింది. పిల్లలకు గుంపు కట్టడం కాస్త అలవాటవుతుండగా ఏనుగు పోయి ఎలుగుబంటి వచ్చింది. గుంపు కడితే చప్పుడవుతుంది, గడ్డిలో నేలకు అంటి పడుకుని ఊపిరి బిగబట్టాలంది. పిల్లలు పడుకోవడం నేర్చుకుంటున్నారు, ఇంతలో అడవిపంది పెద్ద అయింది. ముళ్ళపొదల్లో దూరడమే అసలైన చదువంది.

ఆ మాట చెప్పడానికి నక్క వచ్చినప్పుడు చుక్కమ్మ ఊరుకోలేకపోయింది.

"నక్కగారూ, ఏనుగు చెప్పిందీ తప్పు కాదు, ఎలుగు చెప్పిందీ తప్పు కాదు. ఏదో ఒకటి ఉండనివ్వండి. కుదురుకోకముందే పీకేస్తే ఎలా?"

"పంతులమ్మగారూ, మీరు మరీ అమాయకులు. పాత పాఠమే ఉంటే పెద్ద మారిందని అడవికెలా తెలుస్తుంది?"

"మరి మీ పిల్లలకి ఏం నేర్పుతున్నారు?"

నక్క నవ్వింది. "మావాళ్ళకి ఇంట్లోనే. అలికిడి వింటే బొరియలో దూరడం, మా తాతల నాటి పాఠం. దాని జోలికెళితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"ఇక్కడి పిల్లలు తికమకపడుతున్నారండీ."

"పిల్లలా, మీరా? మొన్న వాగు దగ్గర పలకరిస్తే నువ్వెవరు నాయనా అన్నారు. పాఠం గుర్తుండకపోతే చెప్పండి, వయసులో ఉన్నవాళ్ళను పెడతాం."

చుక్కమ్మ తల దించుకుంది. నక్క వెళ్ళాక వీరన్న చెట్టు దిగి వచ్చాడు.

"అక్కా, నక్క వచ్చినప్పుడు ముళ్ళపొద చూపించు. వెళ్ళాక నీ తోక పాఠం చెప్పుకో. ఎవరు చూడొచ్చారు?"

"ఒకటి చెప్పి ఒకటి చెయ్యడం నాకు చేతకాదు వీరన్నా" అంది చుక్కమ్మ. చేతకానిది అది ఒక్కటే కాదని, నక్క మాటకు తాను భయపడిందని ఆమెకు తెలుసు. మర్నాటి నుంచి ముళ్ళపొద పాఠమే చెప్పింది.

ఎండలు ముదిరాయి. ఒకనాటి పొద్దున్నే మందంతా మడుగుకు వెళ్ళింది. పిల్లలు మూతులు నీళ్ళలో పెట్టారో లేదో, ఒడ్డున చెట్టు మీదనుంచి వీరన్న 'ఖక్' అని అరిచాడు.

కొందరు పరిగెత్తారు. కొందరు ఒకరినొకరు తోసుకుంటూ గుంపు కట్టబోయారు. కొందరు బురదలోనే పడుకున్నారు. ముళ్ళపొద కోసం వెతికినవాళ్ళు పడుకున్నవాళ్ళను తొక్కారు. పొగడ మాత్రం ఎటూ కదలకుండా చుక్కమ్మ వైపు తిరిగింది.

"ఏ పాఠం, అమ్మమ్మా?"

చుక్కమ్మ నోరు తెరిచింది. నాలుగు పాఠాలూ ఒక్కసారే గొంతులోకి వచ్చి అడ్డం పడ్డాయి. కాళ్ళలో ఉందనుకున్నది కాళ్ళలో లేదు. తోక లేవలేదు. ఆమెకు మాట వచ్చేసరికి, వినడానికి పొగడ లేదు.

మధ్యాహ్నం, చిరుత తిన్నాక మిగిలింది ఏరుకోవడానికి నక్క వెళ్ళింది. అక్కడ చిరుత అన్నమాట వీరన్న చెట్టు మీదనుంచి విని, వచ్చి చుక్కమ్మకు చెప్పాడు.

"ఆ తోకల వరసను తెంపలేక ఎన్నోసార్లు ఆకలితో తిరిగిపోయాను" అందట చిరుత. "గుంపు కట్టినా నాకు దారి దొరకదు. గడ్డిలో పడుకుంటే కనబడరు. ముళ్ళలోకి నేను దూరను. ఏ ఒక్కటి ఒంటబట్టినా నాకు పస్తే. నాలుగూ కలిపారు చూడు, అప్పుడు దొరికింది నాకు భోజనం."

నక్క ఎముక కొరుకుతూ ఉందట.

మర్నాడు చుక్కమ్మ ఎవరినీ అడగలేదు, ఎవరికీ భయపడలేదు. పిల్లల్ని చదునులో నిలబెట్టి, ఇక ఈ బడిలో మొదటి పాఠమే ఉంటుందని చెప్పింది. వీరన్నను అరవమంది. అరుపు వినగానే తోక పైకెత్తి, ముసలి కాళ్ళతో వాగు దాటి, గుట్టెక్కి ఆయాసపడుతూ వెనక్కి చూసింది.

వెనక ఎవరూ లేరు. పిల్లలందరూ అవతలి ఒడ్డునే నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఈ పాఠం ఎన్నాళ్ళుంటుందో తేల్చుకోలేక. అన్ని పాఠాల మధ్య వాళ్ళ కాళ్ళకి నిజంగా వచ్చింది అదొక్కటే, ఆగి చూడటం.

మాటిమాటికీ పాఠం మార్చే పెద్దలు పిల్లలకు చివరికి నేర్పేది తటపటాయింపు ఒక్కటే.