తవుడుకి కొన్న పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, ఇంటింటికీ రోకలి ఉన్న రోజుల్లో, ఎర్నమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టవే. ఊఁ కొట్టకపోతే నిద్రపోయావనుకుని ఆపేస్తాను, తర్వాత ఏడ్చినా చెప్పను.

ఎర్నమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. అప్పుడు పక్కింటి సింహాద్రమ్మ గబగబా వచ్చింది. పిల్లాజెల్లా లేని ముసలమ్మ, నోరు పెద్దది, మనసు వెన్న. "బిడ్డని చేటలో పెట్టండే," అంది. పెట్టారు. అప్పుడు దోసెడు తవుడు ఎర్నమ్మ కొంగులో పోసి, పిల్లని కొనేసుకుంది. "ఇక ఇది నా పిల్ల. నువ్వు ఊరికే పెంచిపెట్టు," అంది.

మా వైపు అలా చేసేవారులే. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడొస్తే, ఇది ఎర్నమ్మ పిల్ల కాదు, తవుడుకి అమ్ముడుపోయిన పిల్ల అని వెనక్కి పోతాడట. అందుకే దానికి తవిటమ్మ అని పేరు పెట్టారు. పిల్ల బతికింది.

బతికి, బొద్దుగా ఎదిగింది. అల్లరా, అచ్చం నీలాగే. ఒకరోజు పాలకుండ పగలగొట్టింది. ఎర్నమ్మకి ఒళ్ళు మండి నోరు జారింది. "నిన్ను కొనుక్కున్న మామ్మే వచ్చి పట్టుకుపోతుంది, పో!" అంది. ఖర్మ చూడు, ఆ వారంలోనే సింహాద్రమ్మ జ్వరమొచ్చి పోయింది.

ఇంకేముంది! పిల్ల గుండెల్లో రాయి పడింది. కొన్న మామ్మ చచ్చిపోయింది కదా, మరి నన్ను ఎక్కడికి పట్టుకుపోతుంది అని. అప్పట్నుంచి చేట కనపడితే వణుకు. తవుడు వాసనొస్తే వాంతి. గేదె కుడితి తొట్టి దగ్గరికి కూడా వెళ్ళేది కాదు. చేటకి భయమేంటే అని ఊరంతా నవ్వారు. నువ్వూ నవ్వుతున్నావా? బల్లిని చూసి మంచమెక్కవూ నువ్వు? ఇదీ అలాంటిదే.

పిల్ల ఏడుపు చూడలేక ఎర్నమ్మ చేటలన్నీ అటకెక్కించింది. బియ్యం దంచడం మానేసింది. మిల్లులో ఆడించిన బియ్యం తెప్పించి మల్లెపూలలాంటి అన్నం వండింది. పిల్లకి అదొక్కటే కావాలి. పప్పొద్దు, ఆకుకూరొద్దు. ఆ తర్వాత దాని కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాత వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఆ తర్వాత లేవలేకపోయింది. అరుగు మీద కూర్చోబెడితే అక్కడే.

ఎర్నమ్మ తాయెత్తు కట్టించింది. తగ్గలేదు. తిప్పతీగా శొంఠీ కాచి పోసింది. కాస్త ఆకలి పుట్టింది గానీ కాళ్ళు రాలేదు. అప్పుడు బండి కట్టించి టౌను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ సూది వేసి, "సత్తువంతా బియ్యం పైపొరలో ఉంటుందమ్మా, దాన్ని మీరు మిల్లులో వదిలేస్తున్నారు. దంపుడన్నం పెట్టు. పెసలు, మునగాకు పెట్టు. మంచి తవుడు వేయించి బెల్లంతో ఉండ చేసి పెట్టు. లేకపోతే గుండె మీదికొస్తుంది," అంది.

తవుడట! పిల్ల నోరు తెరిస్తేగా. పళ్ళు బిగించేసింది. బెల్లంలో దాచి పెడితే వాసన పట్టి కక్కేసింది. సూది బలం ఎన్నాళ్ళుంటుంది? ఆయాసం మొదలైంది. మూడో బిడ్డ కూడా చేజారిపోతోందని ఎర్నమ్మ తల బాదుకుని ఏడ్చింది.

అప్పుడు మొదలైందే ఆ చప్పుడు. దీపాలు పెట్టే వేళకి, తాళం వేసిన సింహాద్రమ్మ ఇంట్లోంచి. చెర్... చెర్... చెర్... ఎవరో చేటతో చెరుగుతున్నట్టు. తల్లికి వినపడదు, పిల్లకే. దగ్గరికి జరుగు, నేనున్నాగా. మర్నాడు ఆ చప్పుడు దడి పక్కనుంచి వచ్చింది. ఆ మర్నాడు ఎర్నమ్మ నీళ్ళకెళ్ళింది. అప్పుడు అరుగు చివరే, చెర్... చెర్...

పిల్ల తల తిప్పింది. సింహాద్రమ్మ కూర్చుని ఉంది. అదే ముతక చీర. తల వంచుకుని చెరుగుతోంది. తవుడు పైకి లేస్తోంది గానీ ఒక్క రవ్వ కింద పడటం లేదు. పిల్ల పారిపోదామంటే కాళ్ళేవి?

"మామ్మా, నన్ను పట్టుకుపోవడానికొచ్చావా?" అంది.

"ఛీ, నోర్ముయ్. దడి తలుపు దగ్గర చూడు."

చూసింది. పొడుగ్గా ఎవరో నిలబడి ఉన్నాడు. సందె వెలుగు ఇంకా ఉంది గానీ, మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"నీ ముందు పుట్టినవాళ్ళని ఎత్తుకుపోయినవాడు వాడే," అంది సింహాద్రమ్మ. "రోజూ వచ్చి ఈ పిల్ల ఎవరిదని అడుగుతున్నాడు. నాది, తవుడిచ్చి కొనుక్కున్నానంటున్నా. చచ్చినదానికి పిల్లేమిటంటున్నాడు. ఈ చేట అడ్డం పెట్టి ఆపుతున్నానే తల్లీ. నా చేతులు చూడు." వేళ్ళు అరిగిపోయి సగమే ఉన్నాయి. "ఇంక నా వల్ల కాదు. నా తవుడు తిని, నువ్వే చెప్పు."

దడి తలుపు కిర్రుమంది. "ఈ పిల్ల ఎవరిది?" అన్నాడు వాడు, బావిలోంచి మాట్లాడినట్టు. పిల్ల గోడకి అతుక్కుపోయింది. వాడు వాకిట్లోకి వచ్చాడు. "ఈ పిల్ల ఎవరిది?" పిల్ల చేట వైపు చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి లాక్కుంది. వాడు అరుగు దగ్గరికి వచ్చాడు. చల్లగా ఏదో దాని పాదాలకి తగిలింది. "ఈ పిల్ల ఎవరిది?"

అప్పుడు గుప్పెడు తవుడు నోట్లో కుక్కుకుంది. మింగింది. "సింహాద్రమ్మ మామ్మ పిల్లని! తవుడిచ్చి కొనుక్కుంది! నేను తవిటమ్మని!" అని అరిచింది.

ఎర్నమ్మ బిందెతో వచ్చేసరికి అరుగు మీద పిల్ల ఒక్కతే, మూతి నిండా తవుడు. వాకిట్లో మాత్రం తడి అడుగులు. అరుగు దాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత దంపుడన్నం తింది. తవుడుండ తింది, కళ్ళు మూసుకుని, ఏడుస్తూ, అయినా తింది. వాపు దిగింది. గోడ పట్టుకుని లేచింది. మెల్లిగా నడిచింది. నడక వచ్చిన రోజు ఎక్కడికెళ్ళిందో తెలుసా? సందె వేళ దడి దగ్గరికి.

"మామ్మా, ఒక్కసారి చెరగవే," అంది. ఎంతసేపు నిలబడినా చప్పుడు రాలేదు. మామ్మ ఇక రాదని అప్పుడు తెలిసింది దానికి. దడి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కథ నడిచి కంచికి,
తవిటమ్మ నడిచి ఇంటికి,
భయం పోయి మంటికి,
నిద్ర వచ్చి నీ కంటికి.