పిల్లి మట్టి కప్పి వాసన ఎందుకు చూస్తుంది?

ఒకప్పుడు పిల్లికి గొయ్యి తవ్వడం తెలీదు. ఎక్కడ పడితే అక్కడ దొడ్డికి కూర్చునేది, లేచి తోక ఊపుకుంటూ పోయేది. మనుషులూ అంతే లెండి. చెత్త పక్కింట్లోకి విసిరేస్తే, తమ ఇల్లు శుభ్రమైపోయిందనుకునేవాళ్లు.

గవరమ్మ, నూకాలు ఇరుగుపొరుగు. ఇద్దరి పెరళ్లకీ మధ్య ఒకటే మట్టిగోడ. గవరమ్మ కూతురు బుల్లి తన కంచంలో చేపముక్క పిల్లికి పెట్టేది. అందుకే పిల్లికి బుల్లి అంటే ప్రాణం.

ఒకరోజు బుల్లికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి లేవలేకపోయింది. గవరమ్మ పెరట్లో చూస్తే గోడ పక్కన పిండేసిన నిమ్మచెక్క, గుడ్డు పెంకు, వెంట్రుకల ఉండ.

"నూకాలే నా పిల్లకి చిల్లంగి ఎట్టేసినాది," అంది. చిల్లంగి అంటే చేతబడి.

గోడ అవతల నూకాలు మొగుడూ కడుపు పట్టుకుని మూలుగుతున్నాడు. నూకాలు పెరట్లో చేపముళ్లు, మాడిన మిరపకాయలు కనిపించాయి.

"ఇదంతా గవరమ్మే సేసినాది," అంది నూకాలు.

ఇద్దరికీ మాటల్లేవు. గోడమీద తిరిగే పిల్లిని మాత్రం ఇద్దరూ చీపురుతో కొట్టారు, చిల్లంగి మందు మోసేది ఇదేనని.

పిల్లికి ఒళ్లు మండింది. అసలు దొంగని పడతానని గుమ్మడిపాదు చాటున కాపు కాసింది.

తెల్లారింది. గవరమ్మ చాటెడు చెత్త అటు విసిరింది. నూకాలు చాటెడు చెత్త ఇటు విసిరింది. చెత్తమీంచి ఒక ఈగ లేచి, బుల్లి గంజిగిన్నె వైపు బయల్దేరింది.

"ఆగు," అంది పిల్లి. "ఎక్కణ్ణుంచి వస్తున్నావు?"

"చెత్తమీంచి."

"అంతకుముందు?"

ఈగ నసిగింది. "నీళ్లకుండ వెనక నువ్వు కూర్చుని వెళ్లావే, అక్కణ్ణుంచి."

బుల్లిని మంచాన పడేసిన వాళ్లలో తనూ ఉందా? పిల్లికి చాలా సిగ్గేసింది.

పరుగున వెళ్లి, గొయ్యి తీసి, తన పెంటని పూడ్చేసింది. ఆడవాళ్లిద్దరినీ గవరమ్మ పెరట్లోకి పిలిచి చెప్పింది.

"చిల్లంగీ లేదు, గిల్లంగీ లేదు. మీ చెత్తా, నా పెంటా కలిపి ఈగ తిండిలోకి మోసింది."

గవరమ్మ నమ్మలేదు. నూకాలు వంగి వెంట్రుకల ఉండ చూసింది.

"ఇవి నాయే ఒదినా. తల దువ్వుకుని నేనే ఇసిరేసినాను," అంది మెల్లిగా.

ఇద్దరూ కలిసి దూరంగా చెత్తగుంట తవ్వారు. గంజికి మూత పెట్టారు, నీళ్లు కాచి తాగించారు. నాలుగోరోజుకి బుల్లి లేచి కూర్చుని, పిల్లి ఏదని అడిగింది.

అప్పటినుంచే పిల్లి గొయ్యి తవ్వి కూర్చుంటుంది. మట్టి కప్పుతుంది, వంగి వాసన చూస్తుంది, మళ్లీ ఇంకాస్త కప్పుతుంది. దాని అనుమానమంతా ఇప్పుడు తనమీదే.