రెండు మూరల జానెడు వ్యాసం

ఆ నగరంలో ఇళ్ళు తక్కువ, మనుషులు ఎక్కువ. ఈ సంగతి రాజుగారికి సింహాసనం ఎక్కిన పదకొండో ఏట తెలిసింది. తెలిశాక ఆయన ఊరుకోలేదు. పోటీ పెట్టాడు.

దండోరా వేసేవాడు వీధి వీధీ తిరిగి చాటాడు. "చదువుకునే పిల్లలందరూ వినండహో! అందరికీ ఇళ్ళు దొరికే ఉపాయం మీద వ్యాసం పంపాలి. పెద్దదిగా ఉండక్కర్లేదు, సరిగ్గా ఉంటే చాలు. గెలిచినవాళ్ళకి ఎంత చదివితే అంత చదువు ఉచితం! రాజవిద్యాలయంలో ఉండడానికి, గడియ ఉన్న గది!"

రోడ్డు పక్క సిమెంటు తూములో ఉండే పిల్ల ఈ మాట విన్నది. మురుగుకాలవ కోసమని మూడేళ్ళ కిందట ఆ తూముల్ని తెచ్చి పడేశారు. పాతేవాళ్ళు రాలేదు, అందుకని మనుషులు చేరారు. ఒకదాంట్లో ఈ పిల్లా, వాళ్ళమ్మా. అమ్మ ఇళ్ళు కట్టేచోట సిమెంటు తట్టలు మోస్తుంది. మొన్న ఎవరో వచ్చి, వానలకు ముందే వీటిని భూమిలోకి దించేస్తామని చెప్పి, ఒక్కో తూము మీదా సున్నంతో గుర్తు వేసి పోయారు. ఆ రోజు నుంచి అమ్మకి అన్నం సయించడం లేదు.

పిల్లకి ఆ గది కావాలి. అందులో అమ్మని కూడా పెట్టుకోవచ్చని తనకు తనే తీర్మానించుకుంది. అడిగితే కాదంటారేమోనని ఎవర్నీ అడగలేదు.

వ్యాసం అంటే ఏమిటో ఆ పిల్లకి బాగానే తెలుసు. కిందటి వారమే లెక్కల పంతులమ్మ బోర్డు మీద గుండ్రంగా గీసి మరీ చెప్పింది. "ఈ అంచు నుంచి ఆ అంచుకి గీత. కేంద్రం మీదుగా పోవాలి. పక్కనుంచి పోతే ఎంత చక్కగా గీసినా అది వ్యాసం కాదు." తెలుగు పంతులుగారు ఇంకో రకం వ్యాసం నేర్పే తరగతికి పిల్ల ఇంకా రాలేదు.

"అమ్మా, చెయ్యి చాపు," అంది ఆ సాయంత్రం.

"ఎందుకే?"

"మన ఇల్లు కొలవాలి. రాజుగారు అడిగారు."

"రాజుగారు మన ఇంటి కొలత అడిగారా!" అని అమ్మ ముక్కున వేలేసుకుంది. అయినా చెయ్యి చాపింది. మోచేతి నుంచి వేలికొస దాకా ఒక మూర. పిల్ల అంత దారం తెంపుకుని ముందు తూముని కొలిచింది. తర్వాత అమ్మని బయట నిలబెట్టి అమ్మని కొలిచింది. కాగితం మీద ఒక సున్నా చుట్టి, కింద ఇలా రాసింది:

"వ్యాసం రెండు మూరల జానెడు. మా అమ్మ మూడు మూరల జానెడు. ఒక మూర తక్కువైంది."

రాజభవనానికి వ్యాసాలు బండ్లకొద్దీ వచ్చాయి. నది మీద పడవల్లో నగరం కట్టమని ఒకరు, మేడ మీద మేడ లేపమని ఒకరు, కొన్నేళ్ళు పెళ్ళిళ్ళు ఆపెయ్యమని ఒకరు. చాలామంది ఉపోద్ఘాతంలోనే అలిసిపోయారు. ముగ్గురు పండితులు కూర్చుని అన్నీ చదివారు, పాపం.

పిల్ల కాగితం చూసి మొదటి పండితుడు పకపకా నవ్వాడు. రెండో ఆయన, "ఇది వ్యాసమే కాదు," అని పక్కన పెట్టాడు. మూడో ఆయన లెక్కల పండితుడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "అయ్యా, వచ్చినవాటిలో ఇదొక్కటే వ్యాసం," అన్నాడు.

రాజుకి కుతూహలం పుట్టింది. పిల్లనీ తల్లినీ పిలిపించాడు.

కొలువుకూటం గుండ్రంగా ఉంటుంది. పైన గుమ్మటం, నట్టనడుమ సింహాసనం. ఆ కూటం గుమ్మంలో ఏనుగు పడుతుంది. అయినా అమ్మ అలవాటు కొద్దీ నడుం వంచుకునే లోపలికి వచ్చింది.

"మొదటి బహుమతి ఈ పాపదే," అన్నాడు రాజు. "ఇంత పెద్ద సమస్యని ఒక్క మూరకి తెచ్చింది! ఇకమీదట తూములన్నీ ఒక మూర పెంచి చేయించండి!"

సభంతా చప్పట్లు. పిల్ల అవి ఆగేదాకా ఆగింది.

"గదిలో మా అమ్మ కూడా ఉండొచ్చాండి?"

"గది చదువుకునేవాళ్ళకమ్మా," అన్నాడు మంత్రి. "మీ అమ్మకి తూము ఉందిగా."

"దాన్ని పూడ్చేస్తున్నారండి. పెద్దది చేసినా పూడ్చేస్తారు కదండీ."

మంత్రి రాజు వైపు చూశాడు. రాజు గుమ్మటం వైపు చూశాడు. పిల్లకి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు ఆపుకోవడానికి తనూ తలెత్తి గుమ్మటాన్నే చూసింది. ఇంత పెద్ద గుండ్రటి ఇల్లు ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

"దీని వ్యాసం ఎంతండీ?"

ఎవరికీ తెలియదు. అక్కడే పుట్టి పెరిగిన రాజుకీ తెలియదు. తనకు తెలియదన్న సంగతే ఆయనకు వింతగా తోచింది. "కొలిచి చెప్పు," అన్నాడు.

పిల్ల మొలలోంచి దారం తీసింది. అమ్మ ఒక కొస, తనొక కొస. గోడ దగ్గర మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు అంటూ నేల మీద జరుపుకుంటూ వచ్చారు. సభికులు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ముప్పై ఒకటో మూర సింహాసనం మెట్టుకి తగిలింది.

"పక్కనుంచి పోనీ," అన్నాడు మంత్రి.

"అలా పోతే వ్యాసం కాదండి."

రాజు లెక్కల పండితుడి కేసి చూశాడు. "నిజమే ప్రభూ," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. "కేంద్రం మీదుగానే పోవాలి."

అమ్మ భయపడి దారం వదిలెయ్యబోయింది. "వదలకమ్మా, లెక్క పోతుంది," అంది పిల్ల.

రాజు ఆ దారాన్ని వంగి చూశాడు. దానికి అక్కడక్కడా సిమెంటు అంటుకుని ఉంది.

"అవతలి గోడకి ఇంకా ఎన్ని మూరలుంటాయి?" అని నెమ్మదిగా అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆయనకి.

"మీరు లేస్తే తెలుస్తుందండి."

రాజు లేచాడు. సింహాసనం పక్కకి జరపడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది. అది ఉన్నచోట నేల కొత్తగా ఉంది.

అమ్మ నడుం నిటారుగా చేసుకుని, ఒకసారి పైకి చూసి, తన కొస పట్టుకుని ముందుకు నడిచింది.

"ముప్పై రెండు," అంది పిల్ల.