తడిగుడ్డ విప్పని సీసా

కొల్లేటి పక్కనున్న గరువుపాలెంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఫణీంద్ర అనే ఉద్యోగి ఉండేవాడు. చదువుకు లోటు లేదు గాని, ఒళ్ళొంచడమంటే మాత్రం మహా బద్ధకం.

రైతులు పొద్దున్నే చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి, దారిలో వేడెక్కకుండా తడిగుడ్డ చుట్టి తెచ్చేవారు. ఆ నీళ్ళలో ఆల్కలినిటీ ఎంతుందో కొలిచి చీటీ రాసివ్వడం ఫణీంద్ర పని. ఆల్కలినిటీ అంటే నీటికుండే ఓర్పు. మధ్యాహ్నం ఎండకి చెరువులో నాచు నీళ్ళ గుణాన్ని ఒకవైపు లాగుతుంది. తెల్లారేసరికి అది రెండోవైపు మొగ్గుతుంది. వంటసోడాలాంటి లవణాలు తగినంత కరిగి ఉంటే నీళ్ళు ఆ లాగుడుకు లొంగవు. తగ్గిపోతే పూటకో రకంగా మారిపోతాయి. అప్పుడు రొయ్యకు పెంకు గట్టిపడదు. మెత్తబడి చచ్చిపోతుంది.

కొలవడానికి మంత్రాలేం అక్కర్లేదు. నీళ్ళలో రెండు చుక్కల రంగు మందు వేసి, బ్యూరెట్ గొట్టంలోంచి ఆమ్లం చుక్కచుక్కగా వదలాలి. పసుప్పచ్చగా ఉన్న నీళ్ళు నారింజ రంగుకు తిరగ్గానే ఆపాలి. ఎంత ఆమ్లం తట్టుకుంటే నీళ్ళకు అంత ఓర్పున్నట్టు. సీసాకు పది నిమిషాలు పడుతుంది. అయ్యగారికి ఆ పది నిమిషాలే బరువైపోయాయి!

అతను సీసాలో పీహెచ్ కాగితం ముంచేవాడు. ఎనిమిది దగ్గర కనిపిస్తే, ఆల్కలినిటీ నూట ఇరవై అని రాసిపారేసేవాడు. పీహెచ్ అనేది నీళ్ళు ఈ క్షణాన పులుపు వైపున్నాయో క్షారం వైపున్నాయో చెబుతుంది, అంతే. మొహం నవ్వుతున్నంత మాత్రాన ఆ మనిషి ఎంత కష్టం ఓర్చుకోగలడో తెలుస్తుందా? నేనూ ఒకప్పుడు బ్యూరెట్ పట్టినవాణ్ణే. అందుకే ఈ కాకిలెక్కలు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు శ్రావణంలో వారం రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. మంగతాయారు అనే రైతు సీసా పట్టుకుని వచ్చింది. రెండెకరాల చెరువు కౌలుకు తీసుకుని, డెబ్బై రోజులుగా కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఆ పంట మీదే ఆమె బతుకు.

"బాబూ, వాననీళ్ళు బాగా కలిశాయి. రొయ్య పెంకు కొంచెం మెత్తగా తగులుతోంది. గట్టు మీద సోడా బస్తాలు తెచ్చి పెట్టుకున్నాను. నువ్వు చెప్పేదాన్నిబట్టి చల్లుతాను. కాస్త జాగ్రత్తగా చూడు," అంది.

ఫణీంద్ర కాగితం ముంచి తీశాడు. గోడకున్న బ్యూరెట్ వైపు కన్నెత్తి చూడలేదు.

"నూట ఇరవై అండి. మీ చెరువు బంగారం! సోడా గీడా ఏమీ వద్దు," అంటూ చీటీ రాసిచ్చాడు.

ఆమె ఆ చీటీ కళ్ళకద్దుకుని వెళ్ళింది. నమ్మకం అంటే అదీ! బస్తాల మూతి కూడా విప్పలేదు.

వాన వెలిసి ఎండ కాసింది. నాలుగు రోజులకు రొయ్యలు మెత్తబడి గట్టు వారకు కొట్టుకురావడం మొదలైంది. మేత తినడం మానేశాయి. పదో రోజుకు సగం చెరువు పోయింది. చచ్చిన రొయ్యల్ని గంపలకెత్తి గోతిలో పూడుస్తూ మంగతాయారు ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని ల్యాబుకు వెళ్ళింది. ఫణీంద్ర ఏమన్నాడో తెలుసా? "మీరు మేత ఎక్కువ వేసుంటారండి. నీళ్ళదేం తప్పులేదు," అన్నాడు. ఎంత గుండె ధైర్యం!

ఆమె వెనుదిరిగింది. మర్నాడు తడిగుడ్డ చుట్టిన సీసాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. అప్పటికే అక్కడ ఏడెనిమిది మంది రైతులున్నారు. ఫణీంద్ర ఫోను మాట్లాడుతూనే, గుడ్డలు విప్పకుండా, ఒకటి నూట పద్దెనిమిది, ఒకటి నూట ఇరవై అని రాసి చేతిలో పెట్టాడు.

మంగతాయారు రెండో సీసా గుడ్డ విప్పింది. లోపల నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి.

"ఇవి మా ఇంట్లో తాగే ప్లాంటు నీళ్ళు, లవణాలన్నీ వడకట్టేసినవి. వీటిలో కూడా నూట ఇరవై ఉందా నాయనా?"

చుట్టూ ఉన్న రైతులు గోల మొదలెట్టారు. గొడవ విని ల్యాబు యజమాని ప్రకాశంగారు లోపల్నుంచి వచ్చారు. "అందరి ముందూ కొలువు," అన్నారు.

ఫణీంద్ర బ్యూరెట్ కుళాయి తిప్పాడు. ప్లాంటు నీళ్ళు రెండు మూడు చుక్కలకే నారింజ రంగుకు తిరిగాయి. లెక్కకడితే పది కూడా లేదు. తర్వాత చెరువు నీళ్ళు. ముప్పై ఎనిమిది! వంద దాటి ఉండాల్సింది.

రైతులు జేబుల్లోంచి తమ పాత చీటీలు తీశారు. నూట ఇరవై, నూట పద్దెనిమిది, నూట ఇరవై. ఊరి చెరువులన్నీ కవలపిల్లలైనట్టు! "మా బతుకులతో ఆడుకున్నావటయ్యా!" అని ఒక పెద్దాయన మీదికి వచ్చాడు.

"పొరపాటైపోయిందండి, క్షమించండి," అన్నాడు ఫణీంద్ర.

"పొరపాటా?" అంది మంగతాయారు. "కొలిచేటప్పుడు చెయ్యి వణికి ఒక చుక్క ఎక్కువ పడితే అది పొరపాటు. కొలవకుండా రాయడం అబద్ధం. ఆ రోజు 'నాకు తీరిక లేదమ్మా' అని ఒక్క మాట చెప్పుంటే ఇంకో ఊరు పోయి చూపించుకునేదాన్ని. నా రొయ్యలు బతికేవి."

ప్రకాశంగారు ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశారు. మంగతాయారు అక్కడ ఒక్క క్షణం నిలబడలేదు. ముప్పై ఎనిమిది అని రాసిన చీటీ పట్టుకుని చెరువుకు పరుగెత్తింది. రోజూ కొంచెం కొంచెంగా సోడా కరిగించి చల్లింది. వారానికి మిగిలిన రొయ్యలకు పెంకు గట్టిపడింది. సగం పంట దక్కింది. పోయిన సగాన్ని మాత్రం ఏ క్షమాపణా తెచ్చివ్వలేకపోయింది.

కొలవకుండా రాసిన అంకె అబద్ధమే. ఆ అబద్ధపు దెబ్బ రాసినవాడి కంటే ముందు నమ్మినవాళ్ళకు తగులుతుంది.