వంతెన మీద అబ్బులుగారి టోపీ

ఎవరేమడిగినా తాయారమ్మగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. "ఉండు నాయనా, చూద్దాం" అనేవారు. ఆ చూడడానికి ఒక్కోసారి ఒక పూట పట్టేది, ఒక్కోసారి ఏడాది.

ఆ ఉదయం గోదావరి రేవు మెట్ల మీద ఆమెను అడిగినవాడు గవర్రాజు. ఊళ్లో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, తెల్లారగట్ల ఆమె దగ్గర జపం నేర్చుకుంటున్నవాడు.

"అమ్మా, మంత్రం మార్చాను, గుడి మార్చాను, ఆసనం మార్చాను. ఆ దేవుడు ఒక్కసారైనా నాకేసి చూడడేం?"

"ఉండు నాయనా, చూద్దాం. ముందు మీ నాన్న బండి రానీ."

పాత వంతెన మీద బొగ్గింజను నడిచే ఆఖరి రోజది. నడిపేది గవర్రాజు తండ్రి అబ్బులు. ఆయన ఉద్యోగానికీ అదే ఆఖరి రోజు. వంతెన ఎక్కగానే టోపీ తీసి గోదారమ్మకు దణ్ణం పెట్టుకోవడం ఆయన అలవాటు. ముందురోజు కొడుకుతో అన్నాడు: "ఫొటోలవాడి తండ్రినన్న మాటేగానీ, ఇంజను మీద నాకొక్క ఫొటో లేదురా. రేపు అమ్మకి దణ్ణం పెట్టి, ఆ టోపీ నీకేసి ఊపుతాను. రేవు మెట్ల మీదే ఉండు. నా మొహం పడాలి."

గవర్రాజు మెట్ల మీద కెమెరా నిలబెట్టాడు. వంతెన స్తంభాలు పొట్టిగా కనిపించాయి. పైమెట్టుకు ఎక్కాడు. వేపకొమ్మ అడ్డొచ్చింది. దిగాడు. ఏటి నడుమ నుంచయితే వంతెన నీడ కూడా నీళ్లలో నిండుగా పడుతుందని తోచి, పడవను కేకేశాడు.

"నాన్న ఎక్కడుండమన్నాడు?" అని అడిగారు తాయారమ్మగారు.

"ఇక్కడేనమ్మా. కానీ అక్కణ్ణించి ఇంకా బాగుంటుంది. ఎక్కడున్నా ఆయనకి కనబడనా?"

గవర్రాజు పడవెక్కాడు. పడవ ఎగువకు పోయింది, దిగువకు వచ్చింది, మళ్లీ ఎగువకు తిరిగింది.

"కోతినెక్కించుకున్నా ఈపాటికి ఓ చోట కూకునేదండి బాబూ," అన్నాడు పడవవాడు.

అంతలో కూత వినిపించింది. నల్లటి పొగ ముందూ ఇంజను వెనకా వంతెన మీదికి వచ్చాయి. గవర్రాజు ఊపిరి బిగబట్టి, బండి దాటేదాకా తీస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఫిల్ము కడిగి చూసుకున్నాడు. పొగ, స్తంభాలు, నీళ్లలో నీడ, అన్నీ అనుకున్నదానికంటే బాగా వచ్చాయి. ఇంజనులోంచి సగం బయటికి వంగి ఉన్నాడు తండ్రి. చేతిలో టోపీ రేవుకేసి లేచి ఉంది. కనిపించేది నెరిసిన వెనకతల ఒక్కటే. తర్వాతి ఫొటోలోనూ అంతే. వంతెన చివర తీసినదాంట్లోనూ మెడ వెనక్కే తిరిగి ఉంది; చెయ్యి మాత్రం దిగిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అబ్బులు అడిగాడు. "రాలేదేరా? కళ్లు కాయలు కాసేలా చూశాను."

"పడవలో ఉన్నాను నాన్నా."

"అలాగా," అని ఆయన అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు గవర్రాజు ఆ ఫొటోలు తెచ్చి తాయారమ్మగారి ముందు పెట్టాడు. ఆమె ఒక్కొక్కటే చూసి, చివరిదాన్ని చాలాసేపు చేతిలో ఉంచుకుని, తిరిగి ఇచ్చారు.

"చూడలేదని ఎలా అనను నాయనా?" అన్నారు. "ఉండమన్న చోటికే చూస్తూ వెళ్లాడు."