రెండో గాడిద

ఒకానొక రాజ్యాన్ని వీరకంపభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఏలేది కాస్త, నాటకాలు చూసేది మరికాస్త. అందులోనూ టక్కరుల నాటకమైతే భోజనం కూడా మరిచిపోయేవాడు. వేషగాడు తెర దాటీ దాటకముందే "వీడే టక్కరి" అని చెప్పేసి, పక్కవాళ్ళ చేత శభాష్ అనిపించుకునేవాడు. ఆ శభాష్‌లు విని విని, తనను మోసగించేవాడు ఇంకా పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

ఒకరోజు పూలు కట్టి బతికే గంగులవ్వ ఏడుస్తూ కొలువుకొచ్చింది. బంగారు మురుగులకు మెరుగు పెడతానని ఒకడు ఇంటికొచ్చాడట. వాటిని వేడి పసుపునీళ్ళ కుండలో వేసి, మూత పెట్టి, చల్లారాక తియ్యమని చెప్పి వెళ్ళాడట. ఆగలేక వెంటనే తీసి చూస్తే గులకరాళ్ళు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ముఖం చూస్తే తెలియలేదా అన్నాడు. అమాయకంగా కనబడ్డాడని అవ్వ అంటే ఇంకా నవ్వాడు. మోసపోయేవాళ్ళుండబట్టే మోసగాళ్ళు పుట్టుకొస్తున్నారనీ, ఇకమీదట మోసపోయినవాళ్ళను గాడిదనెక్కించి ఊరేగించాలనీ ఆజ్ఞ వేశాడు. మొదటి ఊరేగింపు ఎల్లుండి, గంగులవ్వకే.

కొలువులో పేరిశాస్త్రి అనే విదూషకుడున్నాడు. ఆయనకు కడుపు మండిపోయింది. ఊరంతా అవ్వా అని పిలిచే మనిషి ఆ వీధుల్లోనే గాడిదనెక్కితే, మళ్ళీ పూలబుట్ట పట్టుకుని గడప దాటుతుందా? కానీ ఈ రాజుకు ఎదురుచెప్పడమంటే గోడకు తల బాదుకోవడమే. శాస్త్రి నవ్వుముఖం పెట్టుకుని కొలువు చాలించేదాకా కూర్చుని, తిన్నగా బావమరిది ఇంటికి దారితీశాడు.

మర్నాడు సాయంత్రం కోట ముంగిట నాటకం మొదలైంది. కథ రసపట్టులో ఉండగా టక్కరి వేషగాడొకడు అరుగు దిగి, రాజు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. ఈ ఘట్టంలో వజ్రపుటుంగరం చూపించి షావుకారును బురిడీ కొట్టించాలనీ, తమ ఇత్తడి ఉంగరం వెలవెలబోతోందనీ, ప్రభువులవారిది ఒక్క ఘడియ ఇప్పిస్తే ఆట రక్తి కడుతుందనీ విన్నవించుకున్నాడు. రాజు పొంగిపోయి వేలి ఉంగరం తీసి ఇచ్చాడు.

వాడు అరుగెక్కి షావుకారుకు ఉంగరం చూపించి, మాటల్లో పెట్టి, చేతిలో గవ్వ పెట్టి జారుకున్నాడు. రాజు తొడ చరిచి నవ్వాడు. "చూశావటయ్యా శాస్త్రీ, ఆ వెర్రివాడు ఎలా నమ్మాడో."

మంగళం పాడారు. ఉంగరం మాత్రం తిరిగిరాలేదు. నాటకం పెద్దను పిలిపిస్తే అతను గడగడలాడుతూ, ఆ మనిషి తమవాడు కాదనీ, కోటవారే సరదాపడి పంపారనుకుని వేషం ఇచ్చామనీ చెప్పాడు. కోటవాళ్ళనడిగితే, వాడు నాటకాలవాడే అనుకున్నామన్నారు.

రాజు ముఖం కందగడ్డ అయింది. అప్పుడు శాస్త్రి వినయంగా లేచాడు. "ప్రభూ, రేపటికి గాడిద ఒకటే సిద్ధంగా ఉంది. రెండోది కూడా తోలుకురమ్మంటారా?"

తన తల ఉంటుందో ఊడుతుందో శాస్త్రికీ తెలియదు. భయం వేసింది కూడా. అయినా మొదలెట్టాక ఆగడమెందుకని మిగతాదీ చెప్పేశాడు.

"నాటకంలో టక్కరి ముందు మనవైపు తిరిగి, ఇదిగో ఈ ఎత్తు వేస్తున్నానని చెప్పి మరీ వేస్తాడు. అందుకే మనం అంత తెలివిగలవాళ్ళం. బయట అలా చెప్పేవాడెవడు ప్రభూ? అవ్వకూ చెప్పలేదు, తమకూ చెప్పలేదు. ఇందాక వచ్చినవాడు మా బావమరిది." అంటూ ఉంగరం తీసి రాజు ముందు పెట్టాడు.

రాజు ఉంగరం వంక చూశాడు, శాస్త్రి వంక చూశాడు. పెదవి బిగించాడు గానీ నవ్వు ఆగలేదు. ఆ ఉంగరం శాస్త్రికే ఇచ్చేశాడు. ఆజ్ఞ రద్దు చేసి, మెరుగువాడి కోసం భటులను పంపాడు. గంగులవ్వను పిలిపించి, ఖజానా నుంచి కొత్త మురుగులు తెప్పించాడు.

అవి ఆమె చేతికిస్తూ ఉండబట్టలేక అడిగాడు. "అవ్వా, మోసపోయానని నీకెప్పుడు తెలిసింది?"

"వాడు వీధి మలుపు తిరిగేలోపే తెలిసింది నాయనా, కాళ్ళే పరిగెత్తలేకపోయాయి. మరి తమకో?"

"మంగళం పాడాక" అన్నాడు రాజు, అందరికంటే ముందు తనే నవ్వుతూ.