బండి ముందు కొక్కెం

నరహరి దొర పికప్ బండికి ముందు ఎవరూ నడవకూడదన్నది ఆ ఊరి కట్టుబాటు. కట్టుబాటు పెట్టిందీ ఆయనే, శిక్ష వేసేదీ ఆయనే. పాపం, అంత బరువూ ఒక్కడే మోసేవాడు.

జ్వరంతో ఉన్న భార్యను సైకిలు మీద కూర్చోబెట్టుకుని వెల్డింగు సైదులు ఒకనాడు ఆ బండికి ముందు నడిచాడు. దొర మాటతో అతని దుకాణానికి తాళం పడింది. నెల రోజులుగా ఇంట్లో ఓ పూట గంజి, ఓ పూట పస్తు.

వానలు ముదిరాయి. బండి రెండుసార్లు బురదలో దిగబడింది. వెనక నుంచి ఎందరు నెట్టినా కదల్లేదు. దొర ఒక్కపూట తాళం తీయించి, "తాడు కట్టి లాగేటందుకు బండి ముందు కొక్కెం పెట్టరా" అన్నాడు. సైదులు గట్టి కొక్కెం పెట్టాడు. మళ్ళీ తాళం పడింది.

మర్నాడే దొర ఎక్కిన బండి వాగులో ఇరుక్కుంది. సైదులు కొక్కేనికి తాడు కట్టి, వచ్చి జనంలో నిలబడ్డాడు.

"లాగండ్రా!" అని దొర బండిలోంచే అరిచాడు.

"ఎట్ల లాగాలె దొరా? తాడు పడితే మీ ముందల నడవాలె. నేనొక్కణ్ణి నడిస్తేనే నెల రోజులు పస్తులున్నం. ఊరంత నడిస్తే ఎవరింట్ల పొయ్యి వెలుగుతది?"

నీళ్ళు తలుపు దాకా వచ్చాయి. దొర కిటికీలోంచి దుకాణం తాళంచెవి చాచాడు.

"రేపు గూడ నడవొచ్చునా దొరా?"

"ఎప్పుడైన నడవండ్రా!"

అప్పుడు లాగారు. ఊరి వెనకాల దొర ఊళ్ళోకి రావడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి మరి.